బడి సంస్కరణల వెనుక పరిశోధన: నమ్మకం, కొలత, ఆంధ్రప్రదేశ్ అనుభవం

పాఠం చెప్పే తీరు మార్చాలన్నా, పరీక్షల విధానం మార్చాలన్నా, ఉపాధ్యాయుల జీతభత్యాలకు కొత్త లెక్క కట్టాలన్నా ప్రభుత్వాలు ఏదో ఒక అధ్యయనాన్ని ఆధారంగా చూపిస్తాయి. ఆ అధ్యయనం ఎంత గట్టిది, అది తేల్చిన మాట వేరే బడిలో, వేరే ఏడాదిలో కూడా నిలబడుతుందా అన్న విచారణనే విద్యా పరిశోధన విశ్వసనీయత అంటారు. ఈ విచారణకు ఆంధ్రప్రదేశ్‌లో దొరికినంత సామగ్రి మన దేశంలో మరే రాష్ట్రంలోనూ లేదనవచ్చు. ప్రపంచ విద్యా ఆర్థికశాస్త్రంలో తరచుగా ఉదహరించే ప్రయోగాల్లో కొన్ని ఇక్కడి పల్లె ప్రాథమిక పాఠశాలల్లోనే జరిగాయి.

నెల్లూరు తీరాన తోటపల్లి గూడూరు మండలాన్ని తీసుకుందాం. వరి మళ్లు, రొయ్యల చెరువులు, కోడూరు సముద్రతీరం, వరిగొండ, నరుకూరు వంటి ఊళ్లు. పక్కనే ఇందుకూరుపేట మండలంలోని పల్లెపాడులో జిల్లా విద్యా శిక్షణ సంస్థ, అంటే డైట్, ఉంది. అక్కడ శిక్షణ పొంది 1980ల చివర ఇలాంటి తీర మండలంలో ఉద్యోగంలో చేరిన ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు, ఒకరు పదవీ విరమణ చేసేలోగా ఏపీపెప్, డీపెప్, క్లిప్, క్లాప్స్ పథకాలు, స్నేహబాల కార్డులు, నిరంతర సమగ్ర మూల్యాంకనం, ఆంగ్ల మాధ్యమం, స్థాయికి తగిన బోధన అన్నీ చూసి ఉంటారు. ప్రతిదానికీ శిక్షణ, మాడ్యూలు, రిజిస్టరు ఉన్నాయి. పరిశోధనలో తేలిందన్న మాట కూడా ప్రతిదానితోనూ వచ్చింది. పాతదాన్ని ఎందుకు పక్కన పెట్టారో, దాని ఫలితం ఏమని తేలిందో మాత్రం చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చెప్పేవారు అరుదు. ఉపాధ్యాయులకు కొత్త పథకాల మీద కలిగే అపనమ్మకాన్ని బద్ధకమని కొట్టిపారేయడం అన్యాయం. ఆ అపనమ్మకం వెనుక ముప్పై ఏళ్ల అనుభవం ఉంది.

దూబగుంట చూపిన సంగతి

నెల్లూరు జిల్లాలో 1991లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పట్లో జాతీయ సాక్షరతా మిషన్ అక్షరాస్యతను చదవడం, రాయడం, లెక్కలు అనే మూడు నైపుణ్యాలతో కొలిచేది. వాచకంలో సారా తాగే భర్తతో బాధపడే సీతమ్మ కథ ఒక పాఠం. జిల్లా పడమటి మెట్టలోని దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు ఆ పాఠం చదివి 1992లో తమ ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

పరిశోధన దృష్టితో చూస్తే ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, ఒక విద్యా కార్యక్రమం తెచ్చిన పెద్ద మార్పు దాని పరీక్ష పత్రంలో ఎక్కడా కనబడకపోవచ్చు. నిమిషానికి ఎన్ని పదాలు చదివారన్న గడిలో దూబగుంట పట్టదు. రెండోది, గడిలో పట్టే సంఖ్య కూడా సరైనది కాకపోవచ్చు. 1994లో అరుణ్ ఘోష్ నాయకత్వాన ఏర్పడిన నిపుణుల బృందం దేశవ్యాప్తంగా అక్షరాస్యతా ఉద్యమాలను సమీక్షించి, సంపూర్ణ అక్షరాస్యత సాధించామన్న జిల్లాల ప్రకటనల్లో అతిశయోక్తి ఉందని చెప్పింది. గడువులోగా లక్ష్యం చేరాలని పైనుంచి ఒత్తిడి ఉన్నచోట లెక్క పైకే వెళ్తుంది. సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970ల్లోనే దీన్ని సూత్రీకరించాడు. ఏ సంఖ్యను బట్టి నిర్ణయాలు జరుగుతాయో ఆ సంఖ్యే చెడిపోతుందన్నది ఆయన చెప్పిన దాని సారం.

ఏపీపెప్: సాక్ష్యం కోసం మొదటి వెతుకులాట

బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980ల్లో కొన్ని బడుల్లో మొదలై 1989 తరువాత రాష్ట్రమంతా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్నే పాతతరం ఉపాధ్యాయులు ఏపీపెప్ అంటారు. కృత్యాల ద్వారా నేర్చుకోవడం, బృందపని, పిల్లల మధ్య తేడాలను గమనించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలు దానికి ఆధారం. నెలనెలా ఉపాధ్యాయ కేంద్రాల్లో కలిసి మాట్లాడుకునే అలవాటు అప్పుడే వచ్చింది. నేటి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు ఆ కేంద్రాలే పూర్వరూపం.

దాని మూల్యాంకనంలో పాలుపంచుకున్న బారీ కూపర్, కాలిన్ లేసీ, హ్యారీ టారెన్స్ 1990ల్లో వరుసగా పత్రాలు రాశారు. వాటిలో ఎక్కువ భాగం ఫలితాల గురించి కాదు, ఫలితాన్ని తెలుసుకోవడం ఎంత కష్టమో దాని గురించి. అందరికీ ఒకేసారి అందే పథకానికి పోల్చడానికి పథకం అందని బడి ఎక్కడ దొరుకుతుంది? గోడ మీద బొమ్మలు వేలాడుతున్నాయంటే లోపల బోధన మారినట్టేనా? మూల్యాంకనకర్తలు తమ పద్ధతిలోని చిక్కులను దాచకుండా అచ్చు వేసినందుకు వారిని గౌరవించాలి. ఆ తరువాత వచ్చిన పథకాలకు ఆ నిజాయితీ అన్నివేళలా అబ్బలేదు.

లాటరీ వేసి చూసిన బడులు

2005లో ఈ చిక్కులకు జవాబు వెతుకుతూ రాష్ట్రంలో ఒక పెద్ద ప్రయత్నం మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపిన ఆంధ్రప్రదేశ్ యాదృచ్ఛిక మూల్యాంకన అధ్యయనాలు అవి. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు చేతులు కలిపాయి. ఉమ్మడి రాష్ట్రంలోని మూడు ప్రాంతాల నుంచి ఐదు జిల్లాలు, యాభై మండలాలు, 500 ప్రభుత్వ ప్రాథమిక బడులు తీసుకున్నారు. ఏ బడికి ఏ సాయం అందాలో లాటరీతో నిర్ణయించారు. వంద బడులకు ఈ సాయాల్లో ఏదీ ఇవ్వలేదు. మిగతావాటిలో వందేసి బడులకు ఒక్కో పద్ధతి: ఉపాధ్యాయుడికి విడిగా బోనస్, బడి మొత్తానికి కలిపి బోనస్, అదనంగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుడు, నగదు గ్రాంటు.

ఇక్కడ లాటరీ ఎందుకు ముఖ్యమో చెప్పాలి. మంచి మండల విద్యాధికారి (ఎంఈవో), చురుకైన హెడ్మాస్టరు ఉన్న మండలాలే కొత్త పథకాలకు ముందుకొస్తాయి. అక్కడ మార్కులు పెరిగితే అది పథకం గొప్పా, హెడ్మాస్టరు గొప్పా అన్నది విడదీయలేం. ఎంపికను అదృష్టానికి వదిలేస్తే రెండు గుంపుల్లోనూ మంచి హెడ్మాస్టర్లు, బలహీనమైన హెడ్మాస్టర్లు దాదాపు సమానంగా ఉంటారు. ఆ తరువాత వచ్చే తేడాను పథకానికి ఆపాదించవచ్చు.

ముందుగా బోనస్ బడుల ఫలితం. తరగతి సగటు మార్కుల్లో 5 శాతం దాటి పెరిగే ప్రతి శాతానికీ ఉపాధ్యాయుడికి 500 రూపాయలు. సగటు బోనస్ వార్షిక జీతంలో సుమారు 3 శాతం. రెండేళ్ల తరువాత ఆ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. మామూలు మాటల్లో చెప్పాలంటే వందమంది వరుసలో కింది నుంచి యాభైవ స్థానంలో ఉన్న పిల్లవాడు లెక్కల్లో దాదాపు 61వ స్థానానికి చేరాడు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘికశాస్త్రంలో కూడా మార్కులు పెరిగాయి. అందుకే ఇది ఆ రెండు సబ్జెక్టులకే బట్టీ పట్టించి తెచ్చిన ఫలితమని కొట్టివేయడం కష్టం. ఈ పత్రం 2011లో 'జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ'లో వచ్చింది.

ఇక్కడ ఒక వింత ఉంది. చెప్పకుండా వెళ్లి చూసినప్పుడు బోనస్ బడుల ఉపాధ్యాయుల హాజరు మిగతా బడుల కన్నా మెరుగ్గా లేదు. అయితే అడిగినప్పుడు ఎక్కువ ఇంటిపని ఇచ్చామని, అదనపు తరగతులు, నమూనా పరీక్షలు పెట్టామని వారు చెప్పారు. పనిదినాలు పెరగలేదు, ఉన్న రోజున చేసే పని పెరిగిందని పరిశోధకులు భావించారు. అది సబబైన ఊహే. అయినా తరగతి గదిలో ఏ పని వల్ల మార్కులు పెరిగాయన్నది కొంత మసకగానే మిగిలింది. ఏం జరిగిందో లాటరీ ప్రయోగం గట్టిగా చెబుతుంది, ఎలా జరిగిందో అంత గట్టిగా చెప్పలేదు.

పరిశీలకుడి ముందు మాత్రమే మారిన బోధన

ఈ ప్రయోగాలన్నిటిలోకీ ప్రతి సంస్కర్తా తప్పక చదవాల్సింది బోనస్ గురించిన పత్రం కాదు, మూల్యాంకన నివేదికల గురించిన పత్రం. 2010లో 'ఎకనామిక్ జర్నల్'లో వచ్చింది. వంద బడుల్లో పిల్లలందరికీ మొదట ఒక పరీక్ష పెట్టి, ఎవరు ఏ నైపుణ్యంలో వెనకబడ్డారో వివరంగా నివేదికలు రాసి ఉపాధ్యాయులకు ఇచ్చారు. ఏడాది పొడవునా తరగతులను గమనించారు. పరీక్షలు పెట్టి, లోపాలు గుర్తించి, వాటి మీద పనిచేయాలన్నది మన విద్యాశాఖ చాలాకాలంగా నమ్ముతున్న సూత్రమే. నిరంతర సమగ్ర మూల్యాంకనం కూడా అదే పునాది మీద నిలిచింది.

గమనించడానికి వెళ్లిన రోజున ఆ బడుల ఉపాధ్యాయులు మిగతావారి కన్నా ఎక్కువ చురుగ్గా బోధిస్తున్నట్టు నమోదైంది. ఏడాది చివర పరీక్షలో పిల్లల మార్కుల్లో తేడా ఏమీ లేదు. పరిశీలకుడు వెనుక బెంచీలో కూర్చున్నప్పుడు కనబడిన మార్పు అతను వెళ్లిపోయాక నిలవలేదని పత్రం తేల్చింది. అవే నివేదికలు బోనస్ బడులకు కూడా అందాయి. అక్కడ నివేదిక ఉపయోగపడిందని చెప్పిన ఉపాధ్యాయుల తరగతుల్లోని పిల్లలు నిజంగానే ఎక్కువ నేర్చుకున్నారు. నివేదికలు మాత్రమే అందిన బడుల్లో ఆ సంబంధం లేదు.

దీని అర్థం చాలా దూరం పోతుంది. తరగతి పరిశీలన పత్రాలు, తనిఖీ షీట్లు, క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) నింపే ఫారాల మీద ఆధారపడి ఒక పద్ధతి పనిచేసిందని చెప్పే ప్రతి నివేదికనూ ఈ ఒక్క పత్రం అనుమానంలో పడేస్తుంది. పరిశీలన పత్రాన్ని మాత్రమే చూసి ఉంటే ఆ కార్యక్రమం విజయవంతమైందని రాసేవారే. ఇలా రాసిన విజయగాథలు మన శాఖల అలమారాల్లో ఎన్ని ఉన్నాయో అన్న బాధ ఈ వ్యాసకర్తకు ఆ పత్రం చదివినప్పుడల్లా కలుగుతుంది.

తరువాత హర్యానాలో జిమ్ బెర్రీ, హరిణి కన్నన్, శోభిని ముఖర్జీ, మార్క్ షాట్‌లాండ్ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్నే పరీక్షించారు. పిల్లల నేర్పులో మార్పు కనబడలేదని 2020లో ప్రచురించారు. అదే అధ్యయనంలో రోజుకో గంట పిల్లలను వయసును బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెట్టి హిందీ చదవడం నేర్పిన కార్యక్రమం పనిచేసింది. అప్పటికి నిరంతర మూల్యాంకనం విద్యాహక్కు చట్టం వెంట దేశమంతా అమలులో ఉంది. మన ఉపాధ్యాయులు ఫార్మేటివ్, సమ్మేటివ్ రికార్డులు రాసి రాసి అలసిపోయారు.

మొదటి ఏడాది, రెండో ఏడాది

గ్రాంటు బడుల కథ ఇంకో కోణం చూపిస్తుంది. ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 125 రూపాయల లెక్కన ఇచ్చిన డబ్బుతో బడులు ఎక్కువగా నోటు పుస్తకాలు, వర్కుబుక్కులు, రాత సామగ్రి కొన్నాయి. మొదటి ఏడాది గ్రాంటు ఊహించని సమయంలో వచ్చింది, మార్కులు కొద్దిగానైనా స్పష్టంగా పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందే తెలుసు. తాము కొనే పుస్తకాల ఖర్చు అంత మేర తగ్గించుకున్నారు. ఆ ఏడాది గ్రాంటు వల్ల మార్కులు పెరగలేదు. 2013లో వచ్చిన ఆ పత్రంలో జిష్ణు దాస్, స్టెఫాన్ డెర్కన్ తదితరులు కూడా సహ రచయితలు.

కూలి మీద బతికే ఇంట్లో బడి నోటు పుస్తకం ఇస్తే ఆ డబ్బు బియ్యానికో మందులకో మళ్లడం తప్పు కాదు. ఆ కుటుంబానికి అది మేలే. కానీ ఆ మొదటి ఏడాది ఫలితం మాత్రమే చూసి గ్రాంట్లు నేర్పును పెంచుతాయని జీవో రాస్తే అది రెండో ఏడాదికే అబద్ధమవుతుంది. మన దేశంలో కొత్త పద్ధతుల పైలట్లు చాలావరకు ఏడాదిలోపే ముగుస్తాయి. కొత్తదనం, అధికారుల రాకపోకలు, శిక్షణ తాజాదనం ఇవన్నీ ఆ మొదటి ఏడాదిలోనే ఉంటాయి.

చిన్నచోట గెలిచి పెద్దచోట ఓడటం

అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుడిని ఇచ్చిన వంద బడుల్లో రెండేళ్లలో లెక్కల్లో 0.16, భాషలో 0.15 ప్రామాణిక విచలనాల మేర మెరుగుదల కనిపించింది. విద్యా వాలంటీర్లనే ఈ కాంట్రాక్టు ఉపాధ్యాయులు తక్కువ జీతానికి పనిచేసి కూడా రెగ్యులర్ ఉపాధ్యాయులకు తీసిపోలేదన్న ముగింపు ఉపాధ్యాయ సంఘాలకు సహజంగానే కోపం తెప్పించింది. కెన్యాలో ఎస్తేర్ డుఫ్లో, పాస్కలిన్ డ్యూపా, మైకేల్ క్రెమర్ చేసిన ప్రయోగం కూడా కాంట్రాక్టు ఉపాధ్యాయుల పక్షానే తేలింది. కెన్యా ప్రభుత్వం దాన్ని దేశమంతా విస్తరించబోతున్నప్పుడు టెస్సా బోల్డ్, జస్టిన్ శాండెఫర్ తదితరులు ఇంకో లాటరీ వేశారు. కొన్ని బడుల్లో నియామకాలు స్వచ్ఛంద సంస్థ చేసింది, మరికొన్నిటిలో ప్రభుత్వమే చేసింది. సంస్థ చేసినచోట 0.18 ప్రామాణిక విచలనాల లాభం, ప్రభుత్వం చేసినచోట సున్నా. జీతాలు ఆలస్యం కావడం, పర్యవేక్షణ లేకపోవడం, సంఘాల ప్రతిఘటన ఇవన్నీ కలిశాయి. పద్ధతి ఒకటే, అమలు చేసిన చేయి వేరు.

హర్యానాలో పనిచేసిన, స్థాయికి తగిన బోధనకు కూడా ఇదే చరిత్ర. ప్రథమ్ సంస్థ ఇరవై ఏళ్లకు పైగా ఎన్నో రాష్ట్రాల్లో లాటరీ ప్రయోగాలతో పరీక్షించిన పద్ధతి అది. సామగ్రి పంచి, శిక్షణ ఇచ్చి వదిలేసినచోట ప్రభుత్వ ఉపాధ్యాయులు పాత పద్ధతిలోనే సిలబస్ పూర్తిచేశారు. సమయసారిణిలో ప్రత్యేకంగా గంట కేటాయించి, పర్యవేక్షకుడు తరగతి చూసి సాయపడినచోట పిల్లలు చదవడం నేర్చుకున్నారు. ఏ పైలటునైనా రాష్ట్రమంతటికీ విస్తరించేటప్పుడు, పైలటులో ఉన్న ఆ గంటనూ ఆ పర్యవేక్షకుడినీ లెక్కలోకి తీసుకోకపోతే పేరు మాత్రమే వస్తుంది.

ఒకే లెక్క, రెండు చదువులు

ప్రైవేటు బడులకు ఓచర్లు ఇచ్చి చూసిన అధ్యయనం 180 ఊళ్లలో జరిగింది. 2015లో ప్రచురితమైంది. లాటరీలో ఓచరు తగిలి ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు నాలుగేళ్ల తరువాత తెలుగు, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలతో సమానంగా ఉన్నారు, హిందీలో బాగా ముందున్నారు. ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకు అటూ ఇటుగా ఉంది. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి, మిగిలిన సమయాన్ని ఇంగ్లీషు, హిందీ, ఇతర సబ్జెక్టులకు ఇచ్చాయి.

దీన్ని అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వైపు నుంచి డి.డి. కరోపాడి 2014లో రాసినప్పుడు, ప్రైవేటు బడి పేద పిల్లలకు మందు కాదన్న అర్థం వచ్చింది. మురళీధరన్, సుందరరామన్ రాసినప్పుడు అంతే నేర్పును మూడో వంతు ఖర్చుతో సాధించారన్న అర్థం వచ్చింది. రెండింటిలోనూ అబద్ధం లేదు. ఒకరు బిడ్డ వైపు నిలబడి, ఇంకొకరు ఖజానా వైపు నిలబడి చదివారు. ఫలానా పరిశోధన చెప్పింది అని వినబడినప్పుడు, ఏ ప్రశ్నకు ఆ జవాబు వచ్చిందో అడగడం ఇందుకే అవసరం.

ఉపాధ్యాయుల గైర్హాజరు విషయంలో ఈ తేడా మరింత గాయం చేసింది. ప్రపంచ బ్యాంకు కోసం 2003లో దేశవ్యాప్తంగా చెప్పకుండా వెళ్లి చేసిన సర్వేలో నాలుగో వంతు ప్రభుత్వ ఉపాధ్యాయులు బడిలో లేరని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇంచుమించు అంతే, 25.3 శాతం. ఉపాధ్యాయులంటే బడికి రానివారే అన్న ముద్ర పడింది. 2017లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో 619 బడుల్లో 2,861 మంది ఉపాధ్యాయులను చూసింది. బడిలో లేనివారు 18.5 శాతం. మొత్తం ఉపాధ్యాయుల్లో కారణం లేకుండా రానివారు 2.5 శాతమే, మిగతావారు సెలవు మీదనో ప్రభుత్వ పని మీదనో వెళ్లారు. ఓటర్ల జాబితాకో శిక్షణకో మండల కేంద్రానికి పోయిన ఉపాధ్యాయుడినీ, పొలం పనికి పోయిన ఉపాధ్యాయుడినీ మొదటి సర్వే సంఖ్య ఒకే గంపలో వేసింది. అతడు ఎక్కడున్నా తరగతిలో పిల్లల ముందు లేడన్నది నిజం. ఆ తప్పు ఎవరిదన్నది వేరే ప్రశ్న.

పరీక్ష పెట్టేది ఎవరు

ఏ అధ్యయనమైనా చివరికి ఒక పరీక్ష మీద నిలుస్తుంది. ఆ పరీక్ష ఎవరు పెట్టారు? అభిజీత్ సింగ్ మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ పరీక్ష రాసిన పిల్లల్లో కొందరికి అవే ప్రశ్నలతో స్వతంత్రంగా మళ్లీ పరీక్ష పెట్టించాడు. అధికారిక మార్కులు వాస్తవం కన్నా చాలా ఎక్కువగా ఉన్నాయని తేలింది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రయోగం చేశాడు. కొన్ని బడుల్లో ఎప్పటిలాగే ఉపాధ్యాయులు పర్యవేక్షించే కాగితం పరీక్ష, మరికొన్నిటిలో ట్యాబులో పరీక్ష. కాగితం మీది మార్కులు ఉబ్బి ఉన్నాయి, ట్యాబు మార్కులు స్వతంత్ర పరీక్షకు దగ్గరగా ఉన్నాయి.

రాష్ట్రానికి 2021లో ప్రపంచ బ్యాంకు మంజూరు చేసిన సాల్ట్ అనే అభ్యసన మెరుగుదల పథకంలో 25 కోట్ల డాలర్లు ఉన్నాయి. ఫలితాలు చూపిన మేరకు డబ్బు విడుదలయ్యే పద్ధతి అది. అలాంటప్పుడు ఫలితాన్ని కొలిచే పరీక్ష నమ్మకంగా ఉండటం ఖజానాకూ, పిల్లలకూ ఇద్దరికీ అవసరం.

బోధనా మాధ్యమం మార్పులో అయితే పరిశోధన స్థానంలో అభిప్రాయ సేకరణ నిలబడింది. 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరు తరగతులకు ఆంగ్ల మాధ్యమం తప్పనిసరి చేస్తూ ఇచ్చిన జీవో 85ని హైకోర్టు 2020 ఏప్రిల్ 15న కొట్టివేసింది. ఆ తరువాత గ్రామ వాలంటీర్లతో తల్లిదండ్రుల నుంచి ఐచ్ఛికాలు సేకరించారు. 96.17 శాతం మంది ఆంగ్ల మాధ్యమం కోరారని ప్రభుత్వం ప్రకటించింది. తల్లిదండ్రుల ఆశను తక్కువగా చూడకూడదు. ఇంగ్లీషు లేక ఉద్యోగం దొరకని వేదన ప్రతి ఇంట్లో ఉంది. కానీ ఏది కావాలని అడగడం వేరు, ఏ మాధ్యమంలో పిల్లవాడు లెక్కలు బాగా నేర్చుకుంటాడని కొలవడం వేరు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు రుజువుగా వాడుకున్నారు.

బయటి ప్రపంచంలో

ఈ బలహీనతలు మనకు మాత్రమే సొంతం కావు. మాథ్యూ మేకల్, జొనాథన్ ప్లకర్ 2014లో వంద ప్రముఖ విద్యా పత్రికల పూర్తి చరిత్రను వెతికి చూస్తే, మునుపటి అధ్యయనాన్ని మళ్లీ చేసి చూసిన వ్యాసాలు 0.13 శాతమే తేలాయి. పిల్లల్లో కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకునే రకాలుంటారని, ఆ రకాన్ని బట్టి బోధించాలని మన శిక్షణల్లో ఇప్పటికీ చెబుతారు. హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో ఆ వాదానికి తగిన ఆధారమే లేదని తేల్చింది. హ్యూగ్ లోర్టీ-ఫోర్గ్, మాథ్యూ ఇంగ్లిస్ 2019లో ఇంగ్లండ్, అమెరికాల్లో ప్రభుత్వ నిధులతో జరిగిన 141 పెద్ద లాటరీ ప్రయోగాలను కలిపి చూశారు. సగటు ప్రభావం 0.06 ప్రామాణిక విచలనాలు. చిన్న అధ్యయనాల్లో గొప్పగా కనిపించినవి పెద్ద ప్రయోగంలో ఈ మేరకు కుంచించుకుపోతాయి. దానితో పోల్చి చూస్తే ఆంధ్రా బోనస్ ప్రయోగంలోని 0.27 ఎంత పెద్దదో, దాన్ని ఇంకోచోట మళ్లీ చేసి చూడాల్సిన అవసరం ఎంతుందో తెలుస్తుంది. బోనస్ విధానం రాష్ట్రమంతటా రాలేదు. అది తప్పు నిర్ణయమా కాదా అన్నది పండితుల మధ్య ఇంకా తేలని వాదం.

తీర మండలంలో లెక్కకు రాని పిల్లలు

తోటపల్లి గూడూరు వంటి మండలానికి వస్తే ప్రశ్న ఇంకా సూక్ష్మమవుతుంది. నెల్లూరు తీరాన యానాది కుటుంబాలు, మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. చెరువు పనికో చేపల వేటకో కుటుంబం కదిలితే పిల్లవాడి పేరు హాజరు పట్టీలో ఉంటుంది, పిల్లవాడు బడిలో ఉండడు. బడిలో పెట్టే ఏ పరీక్షా ఆ పిల్లవాడిని కొలవదు. సంవత్సరం మొదట పరీక్ష రాసి, చివర రాయనివారు ఎక్కువైన బడిలో మార్కుల సగటు దానంతట అదే పెరిగినట్టు కనిపిస్తుంది. జాగ్రత్త గల పరిశోధకులు ఇలా జారిపోయినవారిని విడిగా లెక్కించి చూపుతారు. శాఖాపరమైన నివేదికల్లో ఆ పట్టిక కనిపించడం అరుదు.

ప్రథమ్ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే ఈ కారణంగానే బడికి కాక ఇంటికి వెళ్తుంది. స్వచ్ఛంద కార్యకర్త ఒక పుటలో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ ఉన్న కాగితం పట్టుకుని, 5 నుంచి 16 ఏళ్ల పిల్లల చేత గుమ్మం దగ్గరే చదివిస్తాడు. బడికి పోని పిల్లవాడు కూడా అందులో కనబడతాడు. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు. 2022 విభజనకు ముందు నెల్లూరు జిల్లాలో 46 మండలాలు ఉండేవి. 30 ఊళ్లు అన్ని మండలాలకూ సరిపోవు కాబట్టి ఏ ఏడాదికి ఆ ఏడాది చాలా మండలాల నుంచి ఒక్క ఊరు కూడా ఎంపిక కాదు. నెల్లూరు జిల్లా పిల్లల్లో ఇంతమంది రెండో తరగతి పాఠం చదవగలరన్న సంఖ్య ఈ లెక్కలోంచే వస్తుంది. కోడూరు గుమ్మం దగ్గర ఆ కాగితం ఎవరైనా పట్టుకుని కూర్చున్నారా లేదా అన్నది ఆ సంఖ్య చెప్పదు.